శారదా మకుటము వెనక వంటిల్లు

మార్కాపురంలో "శారదా మకుటము" అనే మాసపత్రిక ఒకటి ఉండేది. దాని అట్టమీద ప్రతి నెలా ఒకే వాక్యం అచ్చయ్యేది: "ఇందు రాజకీయములకు తావు లేదు. కళాసంస్కృతులే మాకు ఉపాస్యములు." ఆ వాక్యాన్ని నమ్మినవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. బొత్తిగా నమ్మని మనిషి ఒక్కతే, సంపాదకుడి అక్క వెంకటసుబ్బులమ్మ. ఆమెకు చదువు రాదు. ఆ పత్రికను ఆమె చదివి ఎరగదు, దానికి వండిపెట్టి ఎరుగును.

ఏ నెల ఎవరికి ఏం వండమన్నారో చూస్తే చాలు, పత్రిక ఎటు ఒరిగిందో ఆమెకు తెలిసిపోయేది. దివాన్ బహదూరు బిరుదున్న పెద్దమనిషి మద్రాసు నుంచి వచ్చి రైలు దిగితే బూరెలు, పులిహోర. తాలూకా కచేరీవాళ్ళు వస్తే గారెలు. ఖద్దరు కట్టినవాళ్ళు చందాకని వస్తే మజ్జిగ, అదీ అరుగు మీదే. "చిక్కటిది ఎందుకులే అక్కా, నీళ్ళు బాగ పోయి" అని తమ్ముడు వంటింటి గడప దాకా వచ్చి గొంతు తగ్గించి చెప్పేవాడు. రాజకీయాలు లేని పత్రికకు మజ్జిగ చిక్కదనంలో అంత పట్టింపు ఎందుకో ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ తమ్ముడు చెన్నకేశవ పంతులు. కరణాల ఇల్లు, తాతల నాటి మాన్యం, చేతికి మట్టి అంటని బతుకు. మద్రాసు పోయి పరీక్ష తప్పి, వస్తూ వస్తూ ఒక పాత అచ్చుయంత్రం వెంట తెచ్చుకున్నాడు. దాన్ని ముందు సావిట్లో బిగించి సంస్కృతిని ఉద్ధరించడం మొదలుపెట్టాడు. ఆయన రాసే తెలుగు ఆయనకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు, అదే దాని గొప్పతనమని ఆయన నమ్మకం. అచ్చులో అరసున్న ఒకటి జారిపోతే ఆ పూట కోపంతో అన్నం మానేసేవాడు. ఆ అన్నం వండిన మనిషి తిన్నదా అని మాత్రం ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

వెంకటసుబ్బులమ్మకు ఏడేళ్ళకు పెళ్ళయింది, తొమ్మిదేళ్ళకు మొగుడు విషజ్వరంతో పోయాడు. అతని ముఖం ఆమెకు గుర్తులేదు. పెళ్ళి పీటల మీద తన చేతిలో బెల్లంముక్క లాక్కున్నాడని మాత్రం గుర్తు. కాస్త వయసు రాగానే తల గొరిగించి, ముసుగు కప్పి, పుట్టింటి పొయ్యి అప్పగించారు. అప్పటినుంచి ఆమె వీధిలోకి వస్తే ముందు అటూ ఇటూ చూసుకుని, ఎవరైనా శుభకార్యానికి పోతుంటే గోడవారకు తప్పుకునేది. ఎదురైతే అశుభం కదా. తప్పుకుని తప్పుకుని ఆమెకు యాభై ఏళ్ళు దగ్గరపడ్డాయి.

తమ్ముడి పత్రిక మీద ఆమెకున్న చులకన ఒక్కరోజులో వచ్చింది కాదు. సావిట్లో ప్రూఫులు పైకి చదువుతుంటే వంటింట్లోకి వినపడేది. విదేశీ బట్టలు కాల్చే రోజుల్లో, అగ్నికి సమిధలే ఆహుతి గాని వస్త్రములు గావని వ్యాసం రాశాడు. ఒక దొరగారి పెంపుడు కుక్క చచ్చిపోతే దానికి సీసపద్యాలు రాశాడు. అదే నెలలో, ఈ పత్రికే అంతకుముందు "గానకళానిధి" అని పొగిడిన హరికథ దాసు ఒకాయన గిద్దలూరులో కథ మధ్యలో స్వరాజ్యం మాట ఎత్తి జైలుకు పోయాడు. ఆ సంగతి పత్రికలో ఒక్క ముక్క లేదు. కుక్క కళ కిందికి వచ్చింది, దాసు రాజకీయం కిందికి పోయాడు. సాయంత్రాలు సావిట్లో గోష్ఠికి చేరే పెద్దమనుషులు ఆ కుక్క పద్యాలకు తలలూపుతూ ఆమె వేయించిన పప్పులు తట్టెడు తిని పోయారు.

ఇదంతా చూసి ఆమె నవ్వుకుని ఊరుకునేది. ఊరుకోలేని రోజు శ్రీశైలమ్మ వల్ల వచ్చింది.

శ్రీశైలమ్మ పంతులు కూతురు. తల్లి పురిట్లోనే పోతే పిల్లను పొత్తిళ్ళనుంచి పెంచింది వెంకటసుబ్బులమ్మే. ఈ సంగతులు జరిగేనాటికి పిల్లకు ఎనిమిదేళ్ళు. ఊరి చుట్టూ గనుల్లో రాయి తవ్వి దేశమంతటికీ పలకలు పంపుతున్నారు, ఆ ఇంట్లో ఆడపిల్ల చేతికి మాత్రం పలక రాలేదు. స్త్రీవిద్య అనర్థమని పంతులు వరసగా సంచికల మీద సంచికలు నింపాడు. చదవగలిగిన ఆడది ఇంట్లో లేదు గనక ఆయనకు జవాబు చెప్పినవాళ్ళూ లేరు.

పంతొమ్మిది వందల ఇరవైతొమ్మిదిలో సర్కారు ఒక చట్టం చేసింది. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేస్తే చేసినవాళ్ళకు జైలు, జరిమానా. వచ్చే ఏప్రిల్ నుంచి అమలు. దాన్ని తెచ్చిన ఆయన ఇంటిపేరును బట్టి జనం శారదా చట్టం అన్నారు. సరస్వతికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ చలికాలమంతా తాలూకాలో పెళ్ళిళ్ళే. ఏప్రిల్ రాకముందే వదిలించుకోవాలని పాలు తాగే పిల్లలకు కూడా బాసికాలు కట్టారు. రాజకీయాలకు తావులేని పత్రిక ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకుని, ధర్మం మునిగిపోతున్నదని నెలనెలా కేకలు పెట్టసాగింది. కేకలు పెట్టి ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదు. పంతులు తన కూతురికి కూడా సంబంధం చూశాడు.

వియ్యంకుడు కాబోయే ఆయన త్రిపురాంతకం ఇనాందారు మాలకొండరాయుడు, పత్రికకు గౌరవాధ్యక్షుడు. కాగితం ఖర్చు ఆయనదే. దస్తావేజులు వేలు పెట్టి చదవగలడు గాని పత్రికలో తన పేరు దాటి ముందుకు పోయి ఎరగడు. ఒక్కడే కొడుకు, పద్దెనిమిదేళ్ళవాడు. పిల్లను చూడవచ్చిన రోజు ఆ అబ్బాయిని వెంకటసుబ్బులమ్మ చూడలేదు, విన్నది. భోజనం సాగినంతసేపూ దగ్గుతూనే ఉన్నాడు. వాళ్ళు పోయాక పెరట్లో అతను పుక్కిలించి ఉమ్మినచోట ఎర్రటి చార కనిపించింది.

ఆమె తిన్నగా సావిట్లోకి పోయి నిలబడింది.

"కేశవా, ఆ పిల్లోనికి క్షయ. పెరట్లో నెత్తురు చూసినా."

"తాంబూలం అక్కా అది."

"వాడు తాంబూలం ముట్టలేదు. ఆకులు అట్లనే తిరిగొచ్చినాయి."

పంతులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇనాందారుగారు లేకపోతే పత్రిక లేదు. పత్రిక లేకపోతే సంప్రదాయాన్ని కాపాడేదెవరు?"

"శ్రీశైలాన్ని కాపాడేదెవరు?"

"అట్ల జరిగితే నువ్వు లేవా? నువ్వు బాగనే ఉన్నావు గదా అక్కా," అన్నాడు. వెక్కిరింతగా కాదు, నిజంగానే అన్నాడు.

ఆమె వెనక్కి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. తను బాగానే ఉందట. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఈ మనిషి చూసింది ఇంతే. తమ్ముడంటే అంతవరకు ఉన్నది చులకనే. ఆ రోజునుంచి అసహ్యం వేసింది. పిల్ల మెడలో ఆ తాళి పడకూడదు, తన ప్రాణం పోయినా సరే పడకూడదు. కానీ ఎట్లా ఆపాలో తోచలేదు. ముహూర్తం ఫాల్గుణంలో పెట్టారు.

ఆపే దారి పత్రికే చూపించింది, అదీ తన పొగరువల్లనే. చట్టాన్ని చీల్చి చెండాడుతూ పంతులు ఒక ప్రత్యేక సంచిక తలపెట్టాడు. ముందు పేజీలో గౌరవాధ్యక్షుల బొమ్మ. దాని ఎదురుగా సర్కారు తెలుగు గెజిటులోనుంచి యథాతథంగా ఎత్తిరాసిన చట్టం. ఆ తరవాత పన్నెండు పేజీల ఖండన. మొదటి పేజీలు అచ్చు కాగానే కబురొచ్చింది, మద్రాసు నుంచి పెద్ద దొరవారెవరో రైల్లో పోతూ మార్కాపురం స్టేషన్లో కాసేపు ఆగుతారని. పంతులుకు పూనకం వచ్చినంత పనైంది. ఖండన తీసి పక్కన పెట్టి, ఆ పేజీలన్నీ స్వాగత పద్యాలతో నింపాడు. "ఖండనము వచ్చు సంచికలో" అని అడుగున చిన్నక్షరాల్లో ఒక ముక్క వేశాడు. రైలు వచ్చింది, పోయింది. దొరవారు నిద్రపోతున్నారని చెప్పి బంట్రోతు పద్యాలు పుచ్చుకున్నాడు.

ఆ విధంగా లోకంలోకి వెళ్ళిన సంచికలో మొదట ఇనాందారు, పక్కన చట్టం, పైన పెద్దక్షరాల్లో "శారదా" అన్న పేరు. పత్రిక పుట్టాక మామూలు మనిషికి అర్థమైన పేజీ అదొక్కటే.

వారం తిరక్కుండా ఏబేలు కట్టెల బండి తెచ్చాడు. ఏబేలు హనుమంతునిపాడు వైపు పల్లెవాడు, కిరస్తానీ మిషను మనిషి. ఆచారం గల ఇల్లు గనక పెరటి గోడ బయటే కట్టెలు దింపి, గోడమీదుగానే మాట్లాడతాడు.

"అమ్మగారూ, పసిపిల్లల పెండ్లిండ్లు ఆపేదానికి చట్టమొచ్చిందంట గదా. మా పాస్టరుగారు గుడిలో చదివి వినిపించినాడు. శారదోళ్ళు చేసినారంట. శారద అంటే మన అయ్యగారి పేపరే గదమ్మా. ఇంత మంచిపని చేస్తారని మేము అనుకోలేదు."

వెంకటసుబ్బులమ్మ కాదు అనబోయి మానుకుంది. లోపలికి పోయి ఆ సంచిక ఒకటి తెచ్చి గోడమీద పెట్టింది.

"చట్టం ఇందులో వేసినారు ఏబేలూ. బొమ్మ త్రిపురాంతకం ఇనాందారుగారిది. నాకు చదువు రాదు, చూసిందే చెప్తున్నా."

ఏబేలు బొమ్మ చూశాడు, చట్టం చూశాడు, ఆమెను చూశాడు. లోపల పెళ్ళికి పిండి దంచుతున్న రోకటి చప్పుడు గోడ బయటికి వినిపిస్తూనే ఉంది. అతనికి సగమే తెలిసిందో మొత్తం తెలిసిందో గాని ముఖంలో మాత్రం ఏమీ కనిపించలేదు.

"త్రిపురాంతకం సంతకు పోతాండా అమ్మగారూ. మంచిమాట, దావలో చెప్పుకుంటా పోతే తప్పు లేదు గదా," అని సంచికను తలపాగాలో దోపుకున్నాడు.

ఫాల్గుణం రానే వచ్చింది. ముహూర్తానికి ముందు తాంబూలాలు పుచ్చుకోవడానికి ఇనాందారు మార్కాపురం వచ్చి సావిట్లో కూర్చున్నాడు. ఆయన ముఖంలో ఎప్పుడూ లేని కళ ఉంది. వంటింటి తలుపు వెనక వెంకటసుబ్బులమ్మ చెవి ఒగ్గి నిలబడింది. పక్కగదిలో శ్రీశైలమ్మ పట్టుపరికిణీ బరువుకు విసుక్కుంటోంది.

"పంతులుగారూ, ఒక సంగతి తేల్చండి," అన్నాడు ఇనాందారు. "ఈ శారదా చట్టం మనదేనంట గదా?"

పంతులు చెవులు మూసుకున్నాడు. "శివ శివ. అది మనం ఖండించేదానికి వేసినాము."

"ఖండించింది యాడుంది?"

"వచ్చే సంచికలో."

"నా బొమ్మ మాత్రం ఈ సంచికలో ఉంది." ఇనాందారు మీసం సర్దుకున్నాడు. "నేను సంతకు పోతే రైతులు లేచి దారి ఇచ్చినారు. మిషనోళ్ళు ఇంటికొచ్చి దండేసినారు. ఆడోళ్ళు బిడ్డల్ని ఎత్తుకొచ్చి, చట్టం చేసిన దొర అని చూపించినారు. తాసీల్దారు కుర్చీ వేసినాడండీ నాకు. ఇన్నేండ్లు మీ పద్యాలు మోస్తే వచ్చిందా ఆ కుర్చీ?"

పంతులు సంచిక తిరగేసి అడుగున ఉన్న చిన్నక్షరాల ముక్క చూపించాడు. తన అధ్యక్షుడికి చట్టం చెడ్డదని నచ్చచెప్పడం అటుంచి, చట్టం ఆయనది కాదని నచ్చచెప్పడమే కష్టమైపోయింది. చివరికి వేరే దారి పట్టాడు.

"అది ఏప్రిల్ నుంచి గదండీ. మన ముహూర్తం ముందే. తప్పు కిందికి రాదు. పైగా మీ అబ్బాయి ఆరోగ్యం కూడా, ఒక ఇంటివాడైతే కుదుటపడుతుందని మీరే అన్నారు."

ఇనాందారు మెత్తబడ్డాడు. "అదీ నిజమే. ముందైతే తప్పు లేదంటారు. సరే కానీండి, తాంబూలం ఇప్పించండి," అని లేచి చేతులు చాపాడు. పంతులు పళ్ళెం ఎత్తాడు.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. ముసుగు వేసుకుని, చంకన ఒట్టి బిందె పెట్టుకుని వెంకటసుబ్బులమ్మ వచ్చింది. గోడవారకు తప్పుకోలేదు, అటూ ఇటూ చూడలేదు. సావిడి నడుమకు వచ్చి, ఇనాందారుకూ తాంబూలం పళ్ళేనికీ మధ్యగా, ఆయన ముఖంలోకి చూస్తూ నడిచిపోయింది.

"నీళ్ళు అయిపోయినాయి కేశవా," అంది దాటుతూ.

ఇనాందారు చాపిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. కూర్చుని, చెమట తుడుచుకుని, అంతలోనే తేరుకున్నాడు.

"చూసినారా. శారదమ్మే వద్దంటాండాది. నేను చేసిన చట్టం నేనే తప్పుతానా పంతులుగారూ? ఊరంతా నవ్వదా? పిల్లకు పద్నాలుగేండ్లు నిండనీయండి, అప్పుడు చూద్దాం."

ఆ మాటలు వీధిలో బావి దాకా వినిపించి, వెంకటసుబ్బులమ్మ బిందె కింద పెట్టింది. సంతోషమని చెప్పలేము. ఎదురైతే చెడు జరుగుతుందని తనను బతుకంతా దాచిపెట్టారు, ఆ ముఖమే ఇవాళ పిల్లకు అడ్డం నిలిచింది. తన ఏడేళ్ళప్పుడు ఇట్లా దారిలో అడ్డం నడిచిన ముండమోపి ఒక్కతి లేకపోయిందే అని బావిగట్టు మీద కూర్చుని ఏడ్చింది.

ఇనాందారు కొడుకు ఆ ఏటి వానాకాలం దాటలేదు. పాపం, అతని తప్పేమీ లేదు. వైద్యం చేయించవలసినవాళ్ళు పెళ్ళి చేయించబోయారు. శ్రీశైలమ్మకు ఆ కబురు తెలిసింది కూడా లేదు. ఆమె అప్పటికి బోర్డు బడిలో అక్షరాలు దిద్దుతోంది. చట్టం చేసిన దొరకు కాబోయే కోడలు చదువు లేకుండా ఉంటే బాగుండదని ఇనాందారే అన్నాడు, పంతులు కాదనలేకపోయాడు.

పంతులు సంగతి చెప్పనక్కర్లేదు. పన్నెండు పేజీల ఖండన పొయ్యిలోకి వచ్చింది. దానితో వెంకటసుబ్బులమ్మ ఒక పూట పప్పు ఉడకేసింది. ఆ పై నెలలో "బాల్యవివాహమునకు మా పత్రిక ఆదినుండియు విరోధి" అని పెద్దక్షరాల్లో వచ్చింది. దాని కింద శాస్త్రప్రమాణాలు కూడా ఉన్నాయి, ఇంతకుముందు దానికి ఎన్ని ఉన్నాయో ఇప్పుడు దీనికి అన్నీ. గోష్ఠిలో పెద్దమనుషులు వీటికీ తలలూపారు. ఖద్దరువాళ్ళకు మజ్జిగ చిక్కబడింది.

దసరాకు స్త్రీల ప్రత్యేక సంచిక వేయాలని పంతులుకు బుద్ధి పుట్టింది. కాగితం, కలం పట్టుకుని వంటింటి గడప దగ్గర పీట వేసుకున్నాడు.

"అక్కా, మీ ఇంట్లో ఆడవాళ్ళు ఏమంటారని అందరూ అడుగుతున్నారు. నీ మాట నాలుగు ముక్కలు వేస్తా. చెప్పు."

ఆమె పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. తరవాత మెల్లగా చెప్పింది.

"రాయి. ఏడేండ్లకు కట్టినారు, తొమ్మిదేండ్లకు తెంపినారు. తల గొరిగినారు. ముఖం చూస్తే పాపమన్నారు. నేను బాగనే ఉన్నానని మా తమ్ముడు అన్నాడు. ఆ మాట అబద్ధం. అదే రాయి."

పంతులు కలం ఎత్తలేదు. "అట్లాంటివి అచ్చులో బాగుండవక్కా. చదివేవాళ్ళ మనసు కష్టపడుతుంది," అన్నాడు దయగా. లేచి వెళ్ళి సావిట్లో తనే రాసుకున్నాడు.

సంచిక అచ్చయి వచ్చిన రోజు శ్రీశైలమ్మకు తొమ్మిదేళ్ళు నిండాయి. అత్త పేరు కనిపించేసరికి పత్రిక తెచ్చుకుని వంటింట్లో చతికిలబడి, వేలు పెట్టి కూడబలుక్కుంది.

"మా సహోదరి వెంకటసుబ్బులమ్మ... బాల్యమున వివాహితయై... కులాచార రక్షణమే తన సౌ... భా... గ్యముగా..." అక్కడ ఆగింది. "అత్తా, సౌభాగ్యం అంటే ఏంది?"

కందులు చెరుగుతున్న వెంకటసుబ్బులమ్మ చేట కింద పెట్టింది. పిల్ల నెత్తిమీద, చెదిరిన జడ మీద చెయ్యి వేసింది.

"నీ యీడుకు నేను ఆ మాట నేర్చుకున్నా, పోగొట్టుకున్నా కూడా. నీకింకా తెలియదు చూడు, అదే తల్లీ సౌభాగ్యం. తరవాతది చదువు."